కింద పడిన క్లబ్‌లో హెడ్ కోచ్ ఉద్యోగం: ఒప్పుకునే ముందు

లీగ్ పట్టికలో అడుగున ఉన్న ఒక ఫుట్‌బాల్ క్లబ్ హెడ్ కోచ్‌గా రమ్మంటోంది, ఈ సీజన్‌లోనే ఇద్దరు కోచ్‌లు వెళ్లిపోయారు, ఒప్పుకోవాలా అని అడిగారు. ఆఖరి స్థానం చూసి భయపడకండి. కానీ ఒకే సీజన్‌లో ఇద్దరు కోచ్‌లు వెళ్లిపోయారంటే, జీతాల బకాయి కూడా కారణం కావచ్చు.

1. చాలామంది వదిలేసేది ఇదే. ఫిఫా వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ బ్యాన్ ఉన్న క్లబ్‌ల జాబితా ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. అందులో ఆ క్లబ్ పేరు వెతకండి. ఉంటే, బ్యాన్ తొలగేదాకా (ఎక్కువగా బాకీ తీర్చేదాకా) కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేయలేరు. "జనవరిలో మంచి స్ట్రైకర్‌ని తెస్తాం" అన్న మాట అప్పుడు నిలవదు. పైగా ఫిఫా నియమాల ప్రకారం రెండు నెలల జీతం అందని ఆటగాడు కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ డబ్బు రాకపోతే వెళ్లిపోవచ్చు. అంటే ఉన్న జట్టు కూడా మిగలకపోవచ్చు.

మన హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. 2021-22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఛాంపియన్. బకాయిలు, బ్యాన్ వచ్చాక 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, 8 పాయింట్లు. గచ్చిబౌలిలో ఆ మ్యాచ్‌లు చూస్తుంటే ఏడుపొచ్చేది. ఆ పరిస్థితిలో ఏ కోచ్ అయినా ఏం చేయగలడు?

2. ఆ జాబితాలో క్లబ్ పేరు లేకపోతే, జట్టులో ఎవరి కాంట్రాక్ట్ ఎప్పటిదాకా ఉందో రాతపూర్వకంగా అడగండి.

3. రెండు నెలల జీతం ఆగి, 15 రోజుల నోటీసు ఇచ్చినా రాకపోతే తప్పుకునే హక్కు మీ కాంట్రాక్ట్‌లోనూ రాయించుకోండి.

ఈ మూడూ సరిపోతే వెళ్లండి. అడుగున ఉన్న జట్టుకి రెండు గెలుపులు వచ్చినా స్టేడియం మీ వెంటే ఉంటుంది.