ఆ రెండేళ్లూ రాయి

కుర్మన్నపాలెం,
విశాఖపట్నం

అమ్మా,

నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆగకుండా, రెండోసారి పెన్సిల్ చేత్తో పట్టుకుని. అందుకే జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు.

సంక్రాంతికి మీ భీమిలి హైస్కూలు బ్యాచ్ అంతా కలిసినప్పుడు ఒక్కొక్కరూ లేచి టెన్త్ తర్వాత ఏం చేశారో చెప్పుకున్నారనీ, నీ వంతు రెండు నిమిషాల్లో అయిపోయిందనీ, ఇంటికొచ్చాక నిద్ర పట్టక ఆ రాత్రే రాయడం మొదలుపెట్టాననీ అన్నావు. పదహారేళ్ల బతుకు రెండు నిమిషాల్లో అయిపోతే ఎవరికైనా నిద్ర పట్టదు. నువ్వు రాయాల్సిందే. ఎలా రాయాలన్న దాని గురించే ఈ ఉత్తరం.

నీ పేజీల్లో సంవత్సరాలన్నీ వరసగా ఉన్నాయి. 2009లో టెన్త్. తర్వాత ఇంటర్, బీఎస్సీ కెమిస్ట్రీ. 2014లో పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. 2016లో పెళ్లి. 2018లో పాప. ఆ తర్వాత ఒక వాక్యం: "2018 నుంచి 2020 దాకా ఉద్యోగం చెయ్యలేదు." అక్కడితో పేరా మారిపోయింది. కొత్త కంపెనీ, కొత్త ల్యాబ్, ప్రమోషన్ వచ్చేశాయి.

నా పెన్సిల్ ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. కంపెనీ బస్సు కోసం ఎన్ఏడీ జంక్షన్‌లో నిలబడ్డ పొద్దుటిపూటలకి పేజీన్నర ఇచ్చావు. బాగుంది ఆ పేజీన్నర, ఒక్క ముక్క కూడా తీసెయ్యకు. కానీ రెండేళ్లకి ఒక్క లైనేనా?

పోయిన నెల ఫోన్లో నువ్వే ఒక మాట చెప్పావు, గుర్తుందా? "పాప రాత్రిళ్లు పడుకునేది కాదు మాస్టారూ. భుజాన వేసుకుని డాబా మీద తిరిగేదాన్ని. సముద్రంలో లంగరేసిన ఓడల లైట్లు లెక్కపెట్టుకునేదాన్ని. ఒక్కోరోజు పదకొండు, ఒక్కోరోజు పదిహేడు ఉండేవి." ఈ మాట చెప్పేసి వెంటనే ల్యాబ్‌లో ఆడిట్ టెన్షన్ గురించి మొదలుపెట్టావు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు ఆ ఓడలే కనిపించాయి. పోర్టులో బెర్తు దొరికేదాకా అవి అలా బయట నిలబడి ఉంటాయని ఈ ఊళ్లో అందరికీ తెలుసు. పిల్లని భుజాన వేసుకుని రాత్రి రెండింటికి వాటిని లెక్కపెట్టిన మనిషి నువ్వు. ఆ మాట నాకు చెప్పగలిగావు గానీ కాగితం మీద పెట్టలేకపోయావు. ఎందుకో నాకు తెలుసు. అది చెప్పుకోదగ్గ సంగతని నీకు అనిపించలేదు.

నేనూ అదే పని చేశాను తల్లీ, కాకపోతే అటువైపు నుంచి.

నాది 1979 టెన్త్. తర్వాత ఐటీఐలో ఫిట్టర్. విశాఖ ఉక్కు కోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయని నువ్వు చదివే ఉంటావు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ ప్లాంటుకి ఇచ్చిన భూముల్లోనే మా ఊరూ ఉంది, మా నాన్న జీడితోటా ఉంది. భూమి పోయినందుకు మా ఇంటికొచ్చిన ఆర్ కార్డు, అంటే నిర్వాసితుల కార్డు, దాని మీద 1988లో నాకు బొగ్గుని కోక్‌గా మార్చే కోక్ ఓవెన్స్‌లో ఉద్యోగం వచ్చింది. 1990లో ఇనుము కరిగించే మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. దానికి గోదావరి అని పేరు పెట్టారు. నా పెళ్లి కూడా ఆ ఏడే. నా మొదటి కథలన్నిటా ఇవే ఉంటాయి. ఫర్నేస్ ఉంది, షిఫ్టులున్నాయి, క్యాంటీన్ ఉంది, యూనియన్ ఉంది. ఇల్లు మాత్రం లేదు.

ఆ సంగతి నాకు హుద్‌హుద్ తుపాను తర్వాత గానీ తెలియలేదు.

2014 అక్టోబరు 12, ఆదివారం. నాది ఏ షిఫ్టు. పొద్దున్న ఆరింటికి ఎక్కి మధ్యాహ్నం రెండింటికి దిగాలి. రెండయ్యేసరికి దిగే మాట అటుంచి, షెడ్డు దాటి నాలుగడుగులు వేసే వీలు కూడా లేదు. కోక్ ఓవెన్ బ్యాటరీని, అంటే ఆ ఓవెన్ల వరసని, ఒకసారి వెలిగించాక చల్లారనివ్వకూడదు. లోపలి సిలికా ఇటుకలు చల్లబడితే బీటలు వారతాయి, ఇక ఆ గోడల్ని బాగుచెయ్యడం ఎవరి తరమూ కాదు. పైన రేకులు కాగితాల్లా లేచిపోతున్నా, కరెంటు పోయినా, ఉన్నవాళ్లం ఉన్నచోటే కాపలా కాశాం. మర్నాడు సాయంత్రం పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచి ఇంటికొచ్చాను. రెండేళ్ల తర్వాత దాన్ని కథగా రాస్తే పత్రికలో వచ్చింది. ప్లాంటులో వాళ్లు జిరాక్స్ తీసి పంచుకున్నారు. ఆ కథలో చివరి వాక్యం: "ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారు."

మా ఆవిడ ఆ పత్రిక పక్కన పెట్టుకుని, చాటలో బియ్యం ఏరుతూ చదివింది. "బాగుంది" అంది. ఇంకాసేపు రాళ్లు ఏరింది. తర్వాత అడిగింది: "ఆ రాత్రి నేనెక్కడున్నాను?"

దెప్పడానికి అన్న మాట కాదది. తెలుసుకుందామని అడిగింది, అంతే. నాకు జవాబు తెలియలేదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆ ప్రశ్న అడగలేదు.

అప్పుడు చెప్పింది. మధ్యాహ్నానికే ముందుగది కిటికీ అద్దాలు పోయాయట. నులక మంచం నిలబెట్టి తలుపుకి అడ్డంపెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుందట. మంచాన పడిన మా అమ్మని వంటింట్లోకి లాక్కెళ్లి, గట్టు మీద దుప్పటి పరిచి పడుకోబెట్టిందట. కింద చీలమండల దాకా నీళ్లు. మా అమ్మాయి నానమ్మ పక్కన. చీకటి పడ్డప్పట్నుంచీ మా అమ్మ ఒకటే ప్రశ్న: "డ్యూటీ నుంచి వచ్చీసినాడేటే?" మొదట్లో లేదని చెప్పిందట. ముసలావిడ ఏడుపు ఆగలేదు. మళ్లీ అడిగినప్పుడు, "వచ్చీసినాడత్తా, పక్కగదిలో పడుకున్నాడు" అంది. తెల్లారేదాకా అడిగినప్పుడల్లా అదే చెప్పింది. పక్కగదిలో గాలీ వానా తప్ప ఎవరూ లేరు. నేను బతికున్నానో లేదో ఆవిడకే తెలియదు, ఫోన్లు లేవు.

ఆ ఇంటి గురించి నేను "క్షేమంగా ఉన్నారు" అని రాసి ఊరుకున్నాను.

మర్నాడు అటక మీంచి ఒక కట్ట దింపింది. వెంకట్రామా క్యాలెండర్లు, ఏడాదికొకటి చొప్పున చుట్టి రబ్బరు బ్యాండు వేసి పెట్టింది. మా పెళ్లి నాటి నుంచీ ఉన్నాయి. ప్రతి గడిలో నా షిఫ్టు, ఏ, బి, సి. దాని కింద పాల ప్యాకెట్‌కి టిక్కు. గ్యాస్ బండ మార్చిన తేదీ. "పాపకి జ్వరం 102." "ఫీజు కట్టాలి." అక్కడక్కడా పెన్నుతో పెట్టిన చిన్న చుక్కలున్నాయి, అవేంటో ఎంత చూసినా తెలియలేదు. అడిగితే, నేను అలిగి అన్నం తినకుండా డ్యూటీకి పోయిన రోజులంది. 2014 అక్టోబరు పేజీ తీశాను. 12న ఏ. 13 నుంచి గళ్లన్నీ ఖాళీ. 19న మళ్లీ పాల టిక్కు మొదలైంది.

నా కాపురం చరిత్ర అంతా ఆవిడ చేతిరాతలో ఉంది. నేను మాత్రం గుర్తున్నదే రాస్తూ వచ్చాను. మనకి గుర్తుండేవి మనం నిలబడ్డ చోటి నుంచి కనిపించినవేనమ్మా. అందుకని ముందు నీ ఇంట్లో ఉన్న కాగితాలు తియ్యి. పాప టీకాల కార్డు చూడు. ఫోన్లో 2018, 2019 ఫోటోలకి తేదీలుంటాయి, ఏ టైముకి తీశావో కూడా ఉంటుంది. మీ ఆయనకి పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు వెతుకు. "వచ్చేటప్పుడు పాలపొడి" అన్న మెసేజ్ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టు. అందులో నువ్వు మర్చిపోయిన రోజులు ఉంటాయి.

మీ అత్తగారి మీద రాసిన పేరా మాత్రం మళ్లీ రాయాలి. అందులో తీర్పు ఉంది, మనిషి లేదు. నిన్ను ఉద్యోగం మానెయ్యమన్నది ఆవిడే అన్నావు, సరే. ఆ రెండేళ్లలో ఆవిడ పొద్దున్న లేచి ఏం చేసేది? పిల్లకి ఒళ్లు రుద్దేదా? నూనె ఎక్కడ కాచేది? అది రాస్తే ఆవిడ మీద నీ కోపం కూడా చదివేవాళ్లకి తెలుస్తుంది, విడిగా చెప్పనక్కర్లేదు. ఇంకోటి, బతికున్నవాళ్ల రహస్యాలు అడక్కుండా రాయకు. మా అమ్మతో చెప్పిన అబద్ధం రాయనా అని మా ఆవిడని అడిగాను. రాయమంది. ఇంకో విషయం వద్దంది. అది ఇవాళ్టికీ రాయలేదు, రాయను.

మీ అమ్మ చేత "ఏమిటమ్మా ఇదంతా" అనిపించావు. భీమిలిలో ఏ తల్లి అలా అంటుంది? "ఏటే ఇదంతా" అంటుంది. పత్రిక వాళ్లు ఏమనుకుంటారోనని ఆవిడ నోరు దిద్దకు. సమ్మేళనానికి రాని పిల్లల్ని కూడా ఒకసారి తలుచుకో. సంక్రాంతికి పెడితే గుజరాత్ వెళ్లి వేరావల్ బోట్ల మీద పనిచేసే కుర్రాళ్లు ఎలా వస్తారు? నీ వెనక బెంచీలో కూర్చున్నవాళ్లలో అలాంటివాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల ఇంటికి వెళ్లి అడిగితే తల్లులు చెబుతారు.

టైము లేదన్నావు. దానికి నా దగ్గర మంత్రం లేదు గానీ నిజం ఒకటి చెప్పాలి. రాత్రి డ్యూటీ, సి షిఫ్టు, దిగి ఇంటికొచ్చి, పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా రాసుకునేవాణ్ని. ఆ రెండు గంటలూ మా ఆవిడ పిల్లని పక్కింట్లో కూర్చోబెట్టేది, కుక్కర్ పెట్టేది కాదు, మా అమ్మని వీధి అరుగు మీదకి పంపేది. నేను రాసిన ప్రతి కథా ఆవిడ సద్దుమణిగేలా చేసిన ఇంట్లో రాసిందే. నీకు అలా ఎవరు చేస్తారు? మీ ఆయన్ని అడుగు. వారానికి రెండు సాయంత్రాలు పాపని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లమను. మొహమాటపడకు, ఇది అడగాల్సిన సాయమే.

ఉద్యోగం పేజీలు ప్రస్తుతానికి పక్కన పెట్టు. ఆ రెండేళ్లే రాయి. డాబా మీద మొదలుపెట్టు. పాప ఎంత బరువుండేది, ఏ భుజం నొప్పెట్టేది, పదిహేడు ఓడలున్న రాత్రి ఎలా ఉండేది, లాక్‌డౌన్‌లో ఆ లెక్క ఏమైంది, అన్నీ రాయి. పేజీల లెక్క పెట్టుకోకు.

రాసినంత వరకూ పట్టుకుని వచ్చే నెల ఏదైనా ఆదివారం రా. కుర్మన్నపాలెం జంక్షన్‌లో దిగి ఫోన్ చేస్తే నేనే వస్తాను. పాపనీ తీసుకురా. నీ ఫోన్ సంగతి మా ఆవిడకి చెప్పాను. అన్ని రాత్రులు మేలుకున్నావు కదా, పగలు ఎప్పుడు పడుకునేదానివో అడగాలంటోంది.

ఆశీస్సులతో,
మాస్టారు