కారులో గొడవ చేస్తున్నాడు... నిద్ర కోసం సిరప్ వేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. బుద్ధి ఎదుగుదల వయసుకు తగ్గట్టు లేదని డాక్టర్లు చెప్పారు. ఫిట్స్‌కు రోజూ రెండు పూటలా మందు వాడుతున్నాం. పోయినసారి కారులో విజయవాడ వెళ్తుంటే సగం దారి నుంచి ఒకటే ఏడుపు. నడుస్తున్న కారు డోర్ తీయబోయాడు. దసరా సెలవుల్లో శ్రీశైలం వెళ్దామనుకుంటున్నాం. జలుబు సిరప్ వేస్తే దారంతా పడుకుంటాడని బంధువులు అంటున్నారు. వేయొచ్చా?
- ఓ తల్లి, కూకట్‌పల్లి

జవాబు: వద్దమ్మా. మగత తెచ్చే జలుబు మందులు కొందరు పిల్లల్లో నిద్రకు బదులు చిరాకు పెంచుతాయి. ఫిట్స్ ఉన్నవాళ్లకు వాటిలో కొన్ని మరీ మంచివి కావు. ఘాట్ రోడ్డులో మత్తుగా ఉన్న పిల్లాడికి వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది.

బాబుది మొండితనం అనుకోకండి. 'ఇంకో మూడు గంటలు' అంటే ఎంతసేపో ఈ పిల్లలకు అంతుపట్టదు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో, ఎప్పుడు దించుతారో తెలియకపోతే ఎవరికైనా టెన్షనే కదా! గంటలు చెప్పకుండా, కంటికి కనిపించే గుర్తులు చెప్పండి. ఔటర్ రింగ్ రోడ్డు, కల్వకుర్తిలో ఇడ్లీ, డిండి ప్రాజెక్టు నీళ్లు, మన్ననూరు చెక్‌పోస్టు, శ్రీశైలం డ్యామ్... వీటి ఫొటోలు వరుసగా ఒక అట్టకు అంటించి వారం ముందు నుంచే రోజూ చూపించండి. ఒక్కోటి దాటగానే ఆ ఫొటో బాబు చేతే తీయించండి. కల్వకుర్తిలో, డిండి దగ్గర తప్పకుండా కాసేపు దిగండి. అడగకపోయినా బాత్రూమ్‌కు తీసుకెళ్లండి. చెప్పుకోలేక ఏడ్చే పిల్లలు చాలామందే ఉంటారు.

వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేయండి, సీటు బెల్టు పెట్టండి, పక్కన ఒక పెద్దవాళ్లు కూర్చోండి. ఘాట్ మలుపుల్లో ఫోన్‌లో వీడియోలు చూస్తే కడుపులో తిప్పుతుంది. తనకిష్టమైన పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకుని వినిపించండి.

దూర ప్రయాణమంటే మనవాళ్లు తెల్లవారుజామున మూడింటికే బయల్దేరతారు. మీకు అది కుదరదు. నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అయినా అమ్రాబాద్ అడవిలోంచి వెళ్లే ఆ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, తొందరపడి లాభం లేదు. కంటినిండా నిద్రపోనిచ్చి, టిఫిన్ పెట్టి, మందు వేశాకే కదలండి.

అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. 108కి ఫోన్ కలవకపోవచ్చు. అందుకే బయల్దేరే ముందు మీ న్యూరాలజిస్టును కలిసి, ఫిట్స్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాయించుకోండి, వాడే పద్ధతి నేర్చుకోండి. దారిలో ఫిట్ వస్తే కారు ఆపి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలూ వద్దు. ఐదు నిమిషాలకూ ఆగకపోతే డాక్టర్ చెప్పిన మోతాదులో స్ప్రే కొట్టి దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లండి. సదరం సర్టిఫికెట్, మందుల చీటీ వెంట ఉంచుకోండి. గుడి దగ్గర రద్దీలో తప్పిపోతే పనికొచ్చేలా బాబు జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి.

ఆ రాత్రికి శ్రీశైలంలోనే ఉండిపోండి. గేటు మూసేలోపు అడవి దాటాలన్న హడావుడిలో దారిలో ఆగడమూ, రాత్రి మందూ రెండూ మర్చిపోతారు.