కొట్టివేత గీత గురించి యువ రచయితకు లేఖ

విశాఖపట్నం

చిరంజీవికి శుభాశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నువ్వు రాసుకునే ఆన్‌లైన్ ఎడిటర్‌లో బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్ బటన్లు ఉన్నాయనీ, మాట మీదుగా కొట్టివేత గీత గీసే స్ట్రైక్‌త్రూ బటన్ మాత్రం లేదనీ, అది కావాలని తయారీదారులను అడగడం సబబేనా అనీ రాశావు. తప్పకుండా అడుగు. అయితే నువ్వు చెప్పిన రెండు కారణాలలో ఒక్కటే నాకు సమ్మతం.

చిత్తుప్రతిలో కొట్టేసిన మాటలు కళ్లెదుట ఉంటే, మనసు మారినప్పుడు మళ్లీ తీసుకోవచ్చునన్నది నీ మొదటి కారణం. దానికి ఈ బటన్ అక్కర్లేదు. పాత ప్రతులను తేదీలవారీగా దాచిపెట్టే సదుపాయం ఈనాడు చాలా ఎడిటర్లలో ఉంది. గీత కింద సగం ప్రాణంతో ఉన్న వాక్యం నిన్ను ఏ నిర్ణయానికీ రానివ్వదు. మన ప్రాంతపువారే అయిన గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ను విస్తారంగా తిరగరాసి 1909లో రెండో కూర్పుగా వెలువరించారు. తీసేసిన సంభాషణలేవీ ఆ కూర్పులో గీతల చాటున వేలాడవు. పోల్చి చూడదలచినవారు రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టుకుంటారు. చిత్తులో తీసేయదలచినదాన్ని ధైర్యంగా తీసేయి.

నీ రెండో కారణమే అసలైనది. ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి 2002లో నౌకాదళ సేవ నుంచి విరమించిందని నీ వ్యాసంలో రాశావు. అది విరమించినది 2001లో. రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా తెరుచుకున్నది 2002లో. ఒక పాఠకుడు చెప్పగానే సంవత్సరం మార్చేశావు, మంచిదే. కానీ అప్పటికే నీ వ్యాసం చదివి, ఆ సంవత్సరాన్ని తన పాఠంలో వాడుకున్న ఉపాధ్యాయురాలి సంగతేమిటి? ఆమె తిరిగి వచ్చి చూస్తే 2001 అని కనిపిస్తుంది. తప్పు నీదా, తానే సరిగా చదవలేదా అన్నది తేల్చుకునే ఆధారం ఆమెకు మిగలదు. అచ్చు పత్రికకు ఈ చిక్కు లేదు: నిన్నటి సంచికలోని పొరపాటు గ్రంథాలయపు బైండులో అలాగే ఉంటుంది, సవరణ మరునాటి సంచికలో పడుతుంది, రెండూ సాక్ష్యంగా నిలుస్తాయి. తెరమీది రాతకు నిన్న అంటూ ఉండదు గనుక, పాఠకుడు ఒకసారి చదివిన మాటను మార్చేటప్పుడు ఆ నిన్నటిని మనమే కనిపించేలా ఉంచాలి. ఆ పనికి కొట్టివేత గీతను మించిన సాధనం నాకు తెలియదు. పాత సంవత్సరం మీద గీత, పక్కనే కొత్త సంవత్సరం, దిగువన సవరించిన తేదీ: ఇంతే కావాలి.

మన చట్టం కూడా ఈ విషయంలో పట్టింపుగానే ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, దస్తావేజులో వరుసల మధ్య రాతలు, ఖాళీలు, చెరిపివేతలు, మార్పులు ఉన్నప్పుడు, రాసి ఇచ్చినవారు వాటిని సంతకంతో గానీ పొడి సంతకంతో గానీ ధ్రువీకరించకపోతే, అధికారి ఆ దస్తావేజును స్వీకరించకుండా తిప్పిపంపవచ్చు. మార్పు జరగడాన్ని చట్టం తప్పు పట్టడం లేదు, దాని బాధ్యత ఎవరిదో తెలియాలంటోంది. పాఠకుడికి నువ్వు ఇచ్చే మాటకు అంతకంటే తక్కువ విలువ ఎందుకుండాలి?

వెబ్ ప్రమాణాలు రూపొందించినవారు కూడా ఈ గీతను అలంకారంగా వదిలేయలేదు. వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. అందులో ఏ పాఠం ఎలాంటిదో బ్రౌజర్‌కు చెప్పే గుర్తులను ట్యాగులంటారు. కేవలం గీత గీయడానికి పనికివచ్చే పాత ‘స్ట్రైక్’ ట్యాగును హెచ్‌టీఎంఎల్ 5 పక్కన పెట్టింది. తొలగించిన పాఠానికి ‘డెల్’ అనీ, ధర మారినప్పటి పాత ధర వంటి ఇక వర్తించని పాఠానికి ‘ఎస్’ అనీ రెండు వేర్వేరు ట్యాగులు నిలిచాయి. ‘డెల్’ ట్యాగులో ఎప్పుడు తొలగించారో కూడా నమోదు చేయవచ్చు. తయారీదారులకు రాసేటప్పుడు ఈ తేడా తప్పక ప్రస్తావించు, ఎందుకంటే గీత మాత్రమే గీసి దాని అర్థాన్ని నమోదు చేయని బటన్ సగం పనే చేస్తుంది. ఆ బటన్‌ను బోల్డ్ పక్కన ముందు వరుసలో పెట్టనక్కర్లేదు, రెండో మెనూలో ఉన్నా చాలు. మామూలు గుర్తులతోనే బోల్డ్, ఇటాలిక్ వంటివి సూచించే రాత పద్ధతి మార్క్‌డౌన్; 2004లో వచ్చిన దాని తొలి రూపంలో ఈ సౌకర్యం లేకపోయినా తరువాత వచ్చిన రూపాలు చేర్చుకున్నాయి, వాట్సాప్ 2016 నుంచే ఇస్తోంది. కాబట్టి ఇది కష్టసాధ్యమని ఎవరైనా చెబితే ఒప్పుకోకు.

బటన్ వచ్చాక ఒక దురలవాటుకు దూరంగా ఉండు. మనసులో ఉన్న కటువైన మాట రాసి, దానిమీద గీత గీసి, పక్కన మర్యాద మాట పెట్టడం ఇప్పుడు చాలామందికి చమత్కారమైంది. అలా వాడే రచయిత నిజంగా సవరణ చేసిన నాడు పాఠకుడు ఆ గీతను నమ్మడు.

తెలుగు లిపికి ప్రత్యేకమైన ఇబ్బంది కూడా ఒకటుంది. గీత అక్షరం నడిమి నుంచి పోతుంది గనుక, ‘ఠ’లోని చుక్కా ‘థ’లోని చుక్కా దాని కింద మరుగున పడి, చిన్న తెరమీద ‘ర’గానో ‘ద’గానో కనిపించవచ్చు. అందుచేత పేరాలకు పేరాలు కొట్టివేసి చూపకు. మారిన పదాన్నో అంకెనో మాత్రమే కొట్టు, పెద్ద మార్పు అయితే దిగువన వాక్యాలలో వివరించు. తెరను చెవితో చదివేవారిని కూడా గుర్తుంచుకో. చాలా స్క్రీన్ రీడర్లు సాధారణ అమరికలో ఈ గీతను ప్రకటించవు. చూపులేని పాఠకురాలికి రెండు సంవత్సరాలు వరుసగా వినిపిస్తాయి తప్ప ఏది కొట్టివేసినదో తెలియదు. అందుకే గీత ఉన్న ప్రతిచోటా ‘సవరణ’ అనే మాట కూడా ఉండాలి.

ఈలోగా బటన్ లేదని, అక్షరం అక్షరానికీ గీతను అంటించి ఇచ్చే యూనికోడ్ (కంప్యూటర్‌లో అక్షరాలకు సంకేతాలిచ్చే పద్ధతి) కిటుకులను ఆశ్రయించకు. అవి అక్షరాల మధ్య అదనపు సంకేతాలను చొప్పిస్తాయి కాబట్టి గుణింతాలు, ఒత్తులు విడిపోయే ప్రమాదం ఉంది, వెతికినప్పుడు ఆ పదం దొరకకపోవచ్చు. బటన్ వచ్చేవరకు వ్యాసం చివర తేదీ వేసి, ముందు ఏమని ఉండేదో, ఇప్పుడు ఏమని మార్చావో, ఎవరు గుర్తుచేశారో రెండు వాక్యాలలో రాయి. ఆ పాఠకుడి పేరు రాసే ముందు అతని అనుమతి తీసుకో.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి