యూదుల ప్రార్థన ఇంట్లో ఒక్కరే చేసుకుంటే చెల్లదా?

యూదులు మూడు పూటలా చేసే ప్రార్థన ఇంట్లో ఒక్కరే చేసుకుంటే చెల్లదా అని ఒకరు అడిగారు. చెల్లుతుంది. పొద్దున షహరిత్, మధ్యాహ్నం మిన్హా, చీకటి పడ్డాక ఆర్విత్, మూడూ ఇంట్లోనే చేసుకోవచ్చు. కానీ కద్దిష్ (పోయినవాళ్ల కోసం వాళ్ల పిల్లలు చెప్పే స్తోత్రం) లాంటివి కొన్ని ఉన్నాయి. పది మంది లేనిదే వాటిని పలకకూడదు. ఆ పదో మనిషి కోసం నేను వానలో పరిగెత్తాను కాబట్టి చెబుతున్నాను.

మాది జగిత్యాల. ఇజ్రాయెల్‌లో రమత్ గన్‌లో ఆరేళ్లు కేర్‌గివర్‌గా చేశాను. నేను చూసుకున్న పెద్దాయనను సాబా అనేవాణ్ణి, అంటే తాత. ఆయనకు చేతులు వణికేవి. అయినా పొద్దున్నే తెఫిలిన్ (ప్రార్థనప్పుడు కట్టుకునే, లోపల లేఖన వాక్యాలుండే చిన్న తోలుపెట్టె) తోలుపట్టీ ఎడమ చేతికి ఏడు చుట్లు తనే చుట్టుకునేవారు, పావుగంట పట్టినా సరే. చొక్కా చెయ్యి మడవడం వరకే నా పని. విప్పాక చాలాసేపు ఆ ఏడు గీతలూ చర్మం మీద ఎర్రగా కనిపించేవి.

యూట్యూబ్‌లో మన తెలుగు వీడియోలు చూస్తే యూదుల ప్రార్థన అంటే జెరూసలేంలో గోడకు తల ఆనించి ఏడవడమే అన్నట్టు ఉంటుంది. నాకు చాలా కోపం వస్తుంది. ఆరేళ్లలో సాబా అక్కడికి వెళ్లింది రెండే సార్లు. ఆయన ప్రార్థన అంతా మా వీధి చివర ఉన్న చిన్న సినగోగ్‌లోనే, అంటే యూదుల ప్రార్థన మందిరంలోనే.

ఒక జనవరిలో వాళ్ల నాన్నగారి తిథి వచ్చింది. వాళ్లదీ చంద్రుణ్ణి బట్టి నడిచే క్యాలెండరే. రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి ఆ సాయంత్రమే కద్దిష్ చెప్పాలి. బయట కుండపోత. వీల్‌చైర్ తోసుకుంటూ వెళ్లేసరికి లోపల ఒకాయన లెక్క చూస్తున్నారు. వాళ్లు మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. పది మాటలున్న కీర్తన వాక్యం ఒకటి ఉంది, మనిషికో మాట చొప్పున చదువుతారు. మా తాత వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అనేవాడు, అది గుర్తొచ్చింది. ఆఖరి మాటకు మనిషి లేడు. తొమ్మిది మందే.

నేనూ అక్కడే ఉన్నాను గానీ యూదుణ్ణి కాను కదా, లెక్కలోకి రాను. దానికి నాకేం బాధ లేదు. తెర వెనక ముగ్గురు ఆడవాళ్లున్నారు, వాళ్లూ లెక్కలోకి రారు. ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. యూదుల్లోనే కొత్త పద్ధతులు పాటించే రిఫార్మ్ వాళ్ల సినగోగుల్లో ఆడవాళ్లనూ లెక్కిస్తారు, మా వీధిలోది పాత ఆచారాలు పాటించే ఆర్థడాక్స్ వాళ్లది.

సాబా ముఖం చూడలేక బయటికి పరిగెత్తాను. 'అసిరి, అసిరి' అని అరిచాను, అంటే పదోవాడు. తాళంచెవులు చేసే ఆయన షట్టర్ దించుతున్నాడు. ఏమిటని కూడా అడగలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని నాతో వచ్చేశాడు. గుమ్మం దగ్గర డబ్బాలోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు. ప్రార్థన చివర మూడడుగులు వెనక్కి వేయాలి. సాబా చెయ్యి ఎత్తగానే వీల్‌చైర్‌ను అంత దూరం వెనక్కి లాగాను. తర్వాత ఆయన వణికే గొంతుతో కద్దిష్ చెబుతుంటే తాళాలాయన అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

కద్దిష్‌లో చావు ఊసే ఉండదు, మొత్తం దేవుడి స్తుతే. దానికి జవాబు చెప్పేవాళ్లు కావాలి, అందుకే పది మంది అని నేను నమ్ముతాను. భక్తి కుదిరినప్పుడు దండం పెట్టుకోవడం ఎవరైనా చేస్తారు. మనసు బాగా లేని రోజు కూడా ఇంకొకరి కోసం వెళ్లి నిలబడటం, అదీ బాధ్యత.

మరుసటి చలికాలం సాబాకు జ్వరం. ఈ పూటకు వద్దు, పడుకోండి అన్నాను. "అక్కడ ఒకాయన తల్లికి కద్దిష్ చెబుతున్నాడు, ఆమె పోయి ఇంకా పదకొండు నెలలు నిండలేదు, అప్పటిదాకా రోజూ చెప్పాలి. కోటు తీసుకురా" అన్నారు.