నాపరాతికి సానపట్టడమా, మెరుగు పెట్టడమా?

సందేహం: ఇంటి అరుగుకు వేసుకొనే నాపరాతి పలకలను యంత్రం లేకుండా, గరుకు కాగితంతోను నీటితోను చేత్తోనే పాలిష్ చేసుకొనే పద్ధతిని మా వీధివారి కోసం తెలుగులో రాస్తున్నాను. ఈ పనిని ‘సానపట్టడం’ అనాలా, ‘నునుపు చేయడం’ అనాలా, ‘మెరుగుపరచడం’ అనాలా? ‘పాలిష్ పట్టడం’ అంటే తప్పా? (ఒక పాఠకుడు, తిరుపతి)

సమాధానం: ఏ మాట ఎక్కడ పొసగుతుందో తేలాలంటే ముందు పని జరిగే వరుసను చూడాలి. గరుకు కాగితం మీద అంకె పెరిగేకొద్దీ దాని రవ్వ సన్నమవుతుంది. 60, 120 అంకెల కాగితంతో తడిపి రుద్దినప్పుడు రాతి పైపొర అరిగి ఎగుడుదిగుళ్లు పోతాయి. దీనికి ‘అరగదీయడం’ అన్నదే సరైన మాట. 220, 400 అంకెలతో మునుపటి గీతలను పోగొట్టేసరికి పలక చేతికి నున్నగా తగులుతుంది గాని, కంటికి ఇంకా మసకగానే కనిపిస్తుంది. అప్పటికి పలక నునుపు తేలిందనాలే తప్ప మెరుగు వచ్చిందనకూడదు. 800, 1500 దాటి, చివర తగరపు ఆక్సైడు పొడిని తడిగుడ్డతో గట్టిగా రుద్దిన తరువాత వెలుగు పలకలో ప్రతిఫలిస్తుంది, అది మెరుగు. నునుపు స్పర్శకు చెందినది, మెరుగు చూపుకు చెందినది. ఇంత చక్కని భేదం మన భాషలో ఉండగా మీ రచనలో దానిని వదులుకోవద్దని నా మనవి.

పూర్వకావ్యాలలో బండి ఱతో రాసిన ‘మెఱుగు’కు మెరుపు అనే అర్థం కూడా ఉంది. నేటి వాడుకలో ‘మెరుగుపరచు’ అంటే ఉన్న స్థితి కంటే బాగుచేయడం. చదువునైనా రోడ్డునైనా మెరుగుపరచవచ్చు. అందువల్ల ‘పలకను మెరుగుపరచండి’ అని రాస్తే పగుళ్లు పూడ్చమన్నారో, అంచులు సరిచేయమన్నారో చదివేవారికి తెలియదు. ‘పలకకు మెరుగు పెట్టండి’ అంటే ఆ చిక్కు ఉండదు. విభక్తి కూడా గమనించండి: పలకను అరగదీస్తాము, పలకను నునుపు చేస్తాము, పలకకు మెరుగు పెడతాము.

‘సాన’ సంస్కృత ‘శాణ’ శబ్దం నుంచి వచ్చినది. ఒరిపిడి రాయి అని అర్థం. కత్తికి సానపడితే పదును వస్తుంది, వజ్రానికి సానపడితే ముఖాలు తేరుతాయి, గంధపు చెక్కను అరగదీసేదీ సాన మీదనే. నాపరాతికి సానపట్టడం అర్థం కాని ప్రయోగమేమీ కాదు, కాని ఆ మాట వినగానే పదును స్ఫురిస్తుంది కనుక అరుగు పలకకు నేను దానిని వాడను.

ఇక ‘పాలిష్ పట్టడం’ తప్పు కాదు. ‘సానపట్టు’లోని ‘పట్టు’నే చేర్చుకొని ఆ ఆంగ్లపదం తెలుగు నుడికారంలో ఒదిగింది, ‘పాలిష్ పట్టిన బియ్యం’ అనని ఇల్లు లేదు. మొత్తం పనికి పేరుగా, శీర్షికలో దానిని నిస్సంకోచంగా వాడండి. లోపల దశలను చెప్పేటప్పుడు మాత్రం ‘అరగదీయడం’, ‘నునుపు చేయడం’, ‘మెరుగు పెట్టడం’ అనే మూడు మాటలనూ వేరువేరుగా వాడండి.

మరొక మాట. మీ వాక్యాలలో ఉత్త ‘రాయి’ అని, ‘బండ’ అని ఊరుకోవద్దు. చిత్తూరు ప్రాంతంలో గ్రానైట్ విరివిగా దొరుకుతుంది కనుక చదివినవారు దానికీ ఇదే పద్ధతి అనుకుంటారు. నాపరాతిలో ప్రధానమైన ఖనిజం కాల్సైటు కాఠిన్యం మోస్ కొలమానంలో (అంకె పెరిగేకొద్దీ గట్టిదనం ఎక్కువ) 3, గ్రానైట్‌లోని క్వార్ట్జ్ ఖనిజం కాఠిన్యం 7. చేత్తో రుద్ది గ్రానైట్‌కు మెరుగు తేవడం చాలా కష్టం. ‘నాపరాతి పలక’ అని ప్రతిచోటా పూర్తిగా రాయండి. ‘రుద్దండి’ అన్న ప్రతిచోటా ‘తడిపి’ అనే మాట కూడా చేర్చండి, ఎందుకంటే పొడిగా రుద్దితే లేచే రాతిధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.