టెక్ సందేహాలు: లీటరుకి ఎంతిస్తుంది సార్?

సందేహం: "రిటైర్మెంట్ డబ్బు కొంత చేతిలో ఉంది. కొచ్చిలో ఉండే మా బావమరిదితో కలిసి, అక్కడి కాలువల్లో తిరగడానికి సెకండ్‌హ్యాండ్ మోటారు బోటు కొనాలని ఉంది. రెండు చూశాం, రెండూ 36 అడుగులే. ఒకదానికి 300 హార్స్‌పవర్ ఇంజన్లు రెండు, 25 నాట్ల వేగంతో (గంటకి సుమారు 46 కిలోమీటర్లు) పోతుందట. రెండోదానికి ఒకే చిన్న ఇంజను, 8 నాట్లు దాటదు. రెండూ డీజిలే. మైలేజీ చూపించే ఫోన్ యాప్ రెండిటికీ ఉంది. లీటరుకి ఏది ఎక్కువ ఇస్తుంది సార్?" - ఒక పాఠకుడు, తిరుపతి

కొండ కింద ఊళ్లో పడవ సందేహమేమిటని నవ్వకండి. ఇలాంటివి ఈ మధ్య వరసగా వస్తున్నాయి. అందరూ కారు షోరూములో అడిగినట్టే అడుగుతున్నారు. పడవ విషయంలో "ఎంత వేగంలో?" అని కలపకపోతే ఆ ప్రశ్నకి జవాబే లేదు.

నీళ్లను పక్కకి నెట్టుకుంటూ పోయే పడవకి దాని పొడవే హద్దు. నీళ్లకి తగిలే చోట పొడవు ఎన్ని అడుగులో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 36 అడుగులకి 8 నాట్లు, గంటకి సుమారు 15 కిలోమీటర్లు. అది దాటబోతే పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాలి. నిండు బస్సుని టాప్ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కించబోయినట్టు ఉంటుంది: చప్పుడు పెరుగుతుంది, డీజిల్ తాగుతుంది, బండి మాత్రం కదలదు. మీరు చూసిన మొదటి బోటు అడుగు చదునుగా ఉండి, బలం చాలితే నీళ్ల మీదకి లేచి జారుకుంటూ పోతుంది. ఆ లేవడానికే 600 హార్స్‌పవర్.

లెక్క వేద్దాం. ఐదు హార్స్‌పవర్‌ని గంటసేపు వాడితే సుమారు ఒక లీటరు డీజిల్ ఖర్చు. మొదటి బోటు పూర్తిగా తొక్కితే గంటకి 120 లీటర్లు, ఆ గంటలో పోయేది 46 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకి రెండున్నర లీటర్ల పైనే. రెండోది 7 నాట్ల మీద 40 హార్స్‌పవర్‌తో నడిచిందనుకుంటే గంటకి 8 లీటర్లు, 13 కిలోమీటర్లు. కిలోమీటరుకి ముప్పాతిక లీటరు కూడా పడదు. కేరళలో కొల్లం నుంచి కొట్టపురం దాకా జలమార్గం 168 కిలోమీటర్లు. ఒకదానికి సుమారు 440 లీటర్లు, ఇంకోదానికి 103. మొదటిది నాలుగు గంటల్లోపే చేరుతుంది, రెండోదానికి 13 గంటలు. కాగితం మీద మాత్రమే లెండి. ఆ కాలువల్లో 25 నాట్లతో పోతే మీ అలకి గట్లు కోసుకుపోతాయి, వంచి అనే చిన్న నాటు పడవల్లో ఉన్నవాళ్లు తడిసి తిడతారు. తిరుమల ఘాట్ రోడ్డులో టైముకి ముందే పైకి చేరితే ఫైన్ వేస్తారు కదా, ఇక్కడ ఫైన్ బదులు తిట్లు.

"వేగం బోటు కొని మెల్లగా నడుపుతాం" అనేవాళ్లున్నారు. 7 నాట్ల మీద నడిపితే డీజిల్ మిగులుతుంది, నిజమే. కానీ పెద్ద డీజిల్ ఇంజన్లు రోజంతా తక్కువ బలంతో తిరిగితే మసి పడతాయి. అన్నిటికన్నా అన్యాయం 12 నాట్లు. పడవ ముక్కు పైకెత్తి, తోక ముంచి, నీళ్ల మీదకి లేవనూ లేవదు, నీళ్లని నెట్టుకుంటూ మెల్లగా పోనూ పోదు. మీరు రాసిన తిరుగుడుకి రెండో బోటే చాలు. తీరం వదిలి దూరం పోయి, వాతావరణం చెడేలోపు తిరిగి రావాలనుకుంటేనే మొదటిదాని గురించి ఆలోచించండి.

ఇక ఆ యాప్. అది లీటర్లను ఇంజను కంప్యూటర్ నుంచి, దూరాన్ని జీపీఎస్ నుంచి తీసుకుంటుంది. కొచ్చిలో సముద్రపు పోటు మీతోపాటు వస్తుంటే మైలేజీ అద్భుతం, ఎదురొస్తే ఘోరం. అమ్మేవాడు ఎటువైపు తిప్పి చూపిస్తాడో చెప్పాలా? అదే దారిలో పోయి రండి, రెండూ కలిపి సగటు తీయండి.

నన్ను భయపెట్టేది మైలేజీ కాదు. దామలచెరువు దగ్గర మా బంధువులు మామిడితోట కొన్నారు. బోరు మోటారుకి సిమ్ ఉన్న స్టార్టర్ ఉంది, ఫోన్ చేస్తే ఆన్ అవుతుంది. పాత ఓనరు నంబరు తీసేయడం అందరూ మర్చిపోయారు. ఆయన మనవడు ఫోనుతో ఆడుకుంటూ రెండు రాత్రులు మోటారు నడిపాడు. తోటలో నీళ్లు వృథా అయ్యాయి, అంతే. పడవలో ఇదే జరిగితే? ఈ పడవల్లో ఇంజను, జీపీఎస్, ఆటోపైలట్ అన్నీ ఒకే తీగ మీద మాట్లాడుకుంటాయి. ఎన్ఎంఈఏ 2000 అనే ఆ పద్ధతి కార్లలో వాడే క్యాన్ బస్ మీద కట్టింది. తీగ మీదకి వచ్చిన మాటని "నువ్వెవరు?" అని అడిగే అలవాటు దానికి లేదు. దానికి ఒక వైఫై డబ్బా తగిలించి, పాస్‌వర్డ్ డబ్బా మీదే అచ్చువేసి అమ్ముతారు. రేవులో పక్క పడవవాడికి అంతకన్నా ఏం కావాలి? జీపీఎస్ సంకేతాన్నీ మోసం చేయొచ్చు. 2013లో టెక్సస్ విశ్వవిద్యాలయం బృందం మధ్యధరాలో ఒక పెద్ద యాట్‌కి, దాని యజమాని ఒప్పుకోలుతోనే, దొంగ సంకేతాలు పంపి దారి తప్పించింది. డెక్ మీద అలారం ఒక్కటీ మోగలేదు.

కాబట్టి మిగతా డబ్బు ఇచ్చేముందు పాత ఓనరు యాప్‌లోని తన అకౌంటుని మీ కళ్లముందే తీసేయాలి. వైఫై డబ్బాని ఫ్యాక్టరీ రీసెట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి. బయటి నుంచి ఆజ్ఞలు పంపే సెట్టింగు ఉంటే ఆపేయండి, చూడడానికి మాత్రమే ఉంచండి. ఫోన్ నుంచి ఇంజను ఆపే సౌకర్యం ఎవరికి కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దిక్సూచి, కాగితం చార్టు కొనండి.

సందేహం: "బోటు స్క్రీను అప్‌డేట్ అడుగుతోంది. రేపు ఉదయం బయల్దేరాలి. చేయొచ్చా?" - సూళ్లూరుపేట నుంచి

చేయొద్దు. తిరిగొచ్చాక, రేవులో కట్టేసి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు చేయండి. పోయినసారి ఇలాంటి అప్‌డేటే ఒకటి ఇంధనం ముల్లుని తీసుకెళ్లి మూడు మెనూల కింద దాచిందని ఒక పాఠకుడు రాశారు. ఇలాంటిది ఎవరు గీస్తారో గాని, తడి వేళ్లతో, ఎండలో, ఊగే పడవలో ఒక్కసారైనా దాన్ని తాకి చూశారా? కార్లలోనూ అంతే, ఏసీ తిప్పాలంటే రోడ్డు మీంచి కళ్లు తీయాలి. గుండ్రటి మీట ఒకటి పెడితే అరిగిపోయేదేముంది! మీ బోటులో పాత ఇంధనం ముల్లు ఇంకా పనిచేస్తుంటే పీకించకండి. పోవడానికి మూడోవంతు, రావడానికి మూడోవంతు, ఆపదకి మూడోవంతు డీజిల్ లెక్క పెట్టుకునేటప్పుడు దాన్నే చూడండి.