పాత అకౌస్టిక్ గిటార్ కొనేముందు ఏం చూడాలి?

అమలాపురంలో అమ్మకానికి వచ్చిన 1970ల నాటి మార్టిన్ డి-28 (అమెరికా కంపెనీ మార్టిన్ చేసిన గిటార్ మోడల్) కొత్తదానిలా మెరుస్తోంది, కొనొచ్చా అని అడిగారు.

మెరుపు సంగతి పక్కన పెట్టి ముందు తీగల ఎత్తు చూడండి. 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర, లావు తీగ కింద సందు 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. కోనసీమ తేమకి స్ప్రూస్ కలపతో చేసిన పైపలక ఉబ్బి తీగల్ని పైకి లేపుతుంది. ఎండలు వచ్చాక కూడా తగ్గకపోతే, ఏళ్ల తరబడి తీగల లాగుడుకి మెడ కోణం మారిందేమో చూపించాలి. మార్టిన్ వాళ్లు 1985 దాకా సర్దుబాటు చేసే ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండే లోహపు కడ్డీ) పెట్టలేదు. అంటే రాడ్ తిప్పి మెడ వంపు సరిచేసే వీలు లేదు. కోణం మారితే మెడ ఊడదీసి మళ్లీ బిగించాల్సిందే, అది ఖరీదైన పని.

తర్వాత చిన్న అద్దం, టార్చి పట్టుకుని లోపలికి చూడండి. పైపలక కింద రెండు కర్రలు ఎక్స్ ఆకారంలో అడ్డంగా కలుస్తాయి. తీగల లాగుడుని మోసే బలమంతా అక్కడే. పైపలకని వేలి కణుపుతో తడితే గరగరమంటే జిగురు వదిలినట్టే.

వెనక పలక రోజ్‌వుడ్. 1969 చివర్లో బ్రెజిల్ కలప మానేసి మన దేశపు కలపకి మారారు కాబట్టి, దీనిది మనదే అయ్యుండాలి. కొంటే గోడకి తగిలించకండి. కేసులో పెట్టి, వానాకాలంలో సిలికా జెల్ వేస్తూ, తేమ 45-55 శాతం ఉండేలా చూసుకోండి.